జులై పద్దులు

నా సంతకం మా పాప నాకన్నా బాగా పెట్టింది.

2014 ఫిబ్రవరి నెల. అప్పుడు నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పద్దులు రాసేదాన్ని. రోజంతా ఓచర్లు, బిల్లులు, వాటి కింద సంతకాలు. ఏ సంతకం ఎవరిదో అక్షరం తోక చూసి చెప్పేంత అలవాటు. ఆ రాత్రి పాప సంచిలో టిఫిన్ డబ్బా మర్చిపోయిందేమోనని చెయ్యి పెడితే స్కూలు డైరీ చేతికొచ్చింది. లెక్కల స్లిప్ టెస్టు, 25కి 7. కింద తల్లిదండ్రుల సంతకం అన్న చోట నా పేరు. నేను హడావిడిలో చివరి అక్షరం మింగేసి గీత లాగేస్తాను. ఇందులో ఆ చివరి అక్షరం గుండ్రంగా, ముత్యంలా ఉంది. అదే పట్టిచ్చింది. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయాను. అలాంటి సంతకాలు పదకొండు.

పాపకి తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి.

కోపం లేకుండా అడగాలని రాత్రంతా అనుకుని, పొద్దున్నే జడ వేస్తూ అడిగాను. "సంతకం లేకపోతే మిస్ బయట నుంచోబెడతారు. నీకు చూపిస్తే ఏడుస్తావు. అందుకని" అంది అద్దంలో నా వైపు చూడకుండా. కొడతావనో తిడతావనో అని ఉంటే ఏదో ఒకటి చెప్పి సర్దుకునేదాన్ని. ఏడుస్తానన్న మాట నిజం. మార్కులు తగ్గిన ప్రతిసారీ వంటింట్లోకి పోయి ముక్కు చీదుకునే అలవాటు నాది. దాని కంట పడలేదనుకునేదాన్ని.

అదేదో సిద్ధాంతం చదివి పిల్లని బడి మాన్పించామని మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ అనుకుంటారు. అలాంటిదేం లేదు. మాకు చేతకాక మాన్పించాం. ఆ బడిలో నాలుగో తరగతి నుంచే ఐఐటీ పేరు చెప్పి రోజూ ఒక గంట ఎక్కువ ఉంచుకునేవారు. ఇంత చిన్నపిల్లలకి ఐఐటీ ఏమిటండీ అంటే "ఇప్పుడే కాదు మేడమ్, బేస్ కోసం" అన్నారు. పొద్దున ఏడున్నరకి వ్యాను ఎక్కితే సాయంత్రం ఐదున్నరకి దిగేది. ఆ తర్వాత హోంవర్కు. రబ్బరుతో చెరిపి చెరిపి నోటు పుస్తకాల కాగితాలకి చిల్లులు పడి ఉండేవి. ఇంకో బడికి మారుద్దామని మూడు చోట్ల తిరిగాం. గోడల రంగులు వేరు, మాటలు అవే.

ఏప్రిల్ నెలాఖరులో టీసీకి వెళ్ళాను. క్లర్కు గారు "ట్రాన్స్‌ఫరా అమ్మా?" అన్నారు. కాదన్నాను. "ఏ స్కూల్లో వేస్తున్నారు?" అన్నారు. ఏ స్కూల్లోనూ వెయ్యడం లేదండీ, ఇంట్లో చెప్పుకుంటాం అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, కారణం అని ఉన్న చోట "సొంత పనుల వల్ల" అని రాశారు. అంతకన్నా సరైన మాట ఇప్పటికీ నాకు దొరకలేదు.

మా వారు నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు. ఆయన భయం చదువు గురించి కాదు, చట్టం గురించి. "గవర్నమెంటు ఉద్యోగిని. రేపు ఎవరైనా అర్జీ పెడితే?" అని కోర్టుల దగ్గర పుస్తకాల షాపులో విద్యా హక్కు చట్టం కొనుక్కొచ్చారు. 2009లో చేసిన చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రెండు రాత్రులు కూర్చుని టెండరు కాగితాల్లా ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టారు. పదో సెక్షన్ ప్రకారం పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి. చేర్చకపోతే తల్లిదండ్రులకి ఫలానా శిక్ష అని మాత్రం అందులో ఎక్కడా లేదు. నిర్బంధం అన్న మాట ప్రభుత్వాన్ని ఉద్దేశించి రాశారు, బడి పెట్టాల్సింది, పిల్లలు వచ్చేలా చూడాల్సింది ప్రభుత్వం అని. ఇంటి చదువు అన్న ఊసే లేదు, ఒప్పని గానీ తప్పని గానీ. "ఇది గట్టూ కాదు, కాలవా కాదు" అన్నారాయన. ఆయనకి ధైర్యం ఇచ్చింది నాలుగో సెక్షను. ఎప్పుడైనా తిరిగి బడికి వెళ్తానంటే, మధ్యలో మానేసిన పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. "వెనక్కి రావడానికి దారుంది. అయితే ఒక ఏడాది చూద్దాం" అన్నారు.

అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు.

అత్తయ్య మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాలల్లో 34 ఏళ్ళు పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. మైలవరం వైపు ఊళ్ళు. ఆ కాలంలో జూన్ వస్తే పిల్లల్ని బడికి పంపండమ్మా అని గడప గడపకీ తిరగడం వాళ్ళ పని. పశువుల దగ్గరికి పోయే పిల్లల్ని, చెల్లెళ్ళని చంకనెత్తుకుని తిరిగే పిల్లల్ని బతిమాలి తెచ్చుకునేవారట. ఆ రోజు భోజనాల దగ్గర కంచం పక్కకి జరిపి అన్నారు: "అమ్మాయ్, నా జన్మంతా పిల్లల్ని బడికి పిలవడంతోనే సరిపోయింది. నా ఇంట్లోంచే పిల్లని మాన్పిస్తావా?" కాసేపాగి, మెల్లిగా ఇంకో మాట అన్నారు. "నా బడిలో నా మనవలు ఎప్పుడూ కూర్చోలేదులే. ప్రైవేటు అన్నారు, సరే అన్నాను. ఇప్పుడు అదీ వద్దంటున్నారు."

ఆ రెండో మాటని ఆ రోజు నేను పట్టించుకోలేదు. మొదటి దానికి జవాబు వెతుక్కునే హడావిడిలో ఉన్నాను.

నేను ఉద్యోగం మానేశాను. నెలకి 14 వేలు. బడి ఫీజు, వ్యాను, ట్యూషను కలిపి మిగిలేది లెక్కేసుకుంటే నష్టం అనుకున్నంత లేదు గానీ, నా పేరున నెలనెలా పడే డబ్బు ఆగిపోవడం వేరే సంగతి. కాలేజీ రోజుల తర్వాత మొదటిసారి చీరకొంగు ముడిలోంచి కాకుండా ఇంటి డబ్బాలోంచి చిల్లర తీసుకున్నాను.

జూన్ 12న ఊళ్ళో బళ్ళు తెరిచారు. మా ఇంట్లోనూ తెరిచాను. గోడకి చార్టు అంటించి స్కెచ్ పెన్నులతో టైం టేబుల్ రాశాను. తొమ్మిదికి లెక్కలు, తొమ్మిదీ నలభైకి ఇంగ్లీషు, పదీ ఇరవైకి సైన్సు. పీరియడు మారడానికి దేవుడి గంట కొట్టాను, నిజంగానే. నవ్వొస్తుంది గానీ, అప్పుడు నవ్వు రాలేదు. ఐదో తరగతి పుస్తకాలన్నీ కొని అట్టలేసి పేర్లు రాశాను. ఐదేళ్ళ చిన్నోడికి ఒక పలక. వాణ్ణి ఇంతవరకు ఏ బడికీ పంపలేదు, ఆ ఏడాదే వెయ్యాలనుకున్నాం.

మూడో రోజు అనుకుంటాను. పాప కుర్చీలోంచి లేచి నిలబడి, చెయ్యెత్తి, "మిస్, వాటర్ తాగొచ్చా?" అంది.

దాని ఇల్లు. దాని కుండ. నేను వాళ్ళమ్మని.

అత్తయ్య వాకిట్లో చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. తలెత్తకుండానే "బడి మాన్పించి బడి పెట్టావేంటమ్మాయ్" అన్నారు. అయినా నేను ఆపలేదు. పదకొండో రోజు దాకా లాగాను. ఆ రోజు భాగహారం దగ్గర అది బిక్కమొహం వేసుకు కూర్చుంటే పుస్తకం విసిరేశాను. అది వెళ్ళి కిటికీ ఊచకి తగిలింది. పాప ఏడవలేదు. వంగి పుస్తకం తీసి, నలిగిన పేజీ చేత్తో సాపు చేసి, మళ్ళీ నా ముందు పెట్టింది. అలా సాపు చెయ్యడం ఎక్కడ నేర్చుకుందో నాకు అర్థమైంది. సాయంత్రం చార్టు చింపేశాను.

ఆ ఆదివారం శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేనూ మా వారూ హైదరాబాదు వెళ్ళాం. పిల్లల్ని ఇంట్లోనే ఉంచుకున్న కుటుంబాలు కొన్ని నెలకోసారి పార్కులో కలుస్తాయని ఆయన స్నేహితుడు చెప్పాడు. అక్కడివాళ్ళు ఎక్కువమంది ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళు, కార్లలో వచ్చినవాళ్ళు. మేం పులిహోర డబ్బాతో చెట్టుకింద కాస్త దూరంగా కూర్చున్నాం. ఒకావిడ మాత్రం మా దగ్గరకొచ్చి కూర్చుంది. నా గోడంతా విని "మీ పాప ఎన్నేళ్ళు బడికెళ్ళింది?" అంది. నర్సరీ నుంచి లెక్కేస్తే ఏడేళ్ళు. "అయితే ఏడు నెలలు ఏమీ చెప్పకండి. ఏడాదికో నెల చొప్పున బడి వంట్లోంచి దిగాలి. పిల్లకీ, మీకూ" అంది. జ్వరానికి పథ్యం చెప్పినంత తేలిగ్గా చెప్పింది. రైల్లో తిరిగొస్తూ మా వారు "ఏడు నెలలా!" అని నాలుగుసార్లు అన్నారు.

ఏమీ చెప్పకపోవడం నాకు చేతకాని పని. అందుకని ఒక దొంగదారి పెట్టుకున్నాను. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి ఖాతా పుస్తకం ఒకటి కొన్నాను, కిరాణా కొట్లవాళ్ళు వాడేలాంటిది. పాప ఆ రోజు నేర్చుకున్నది జమ, వృథా అయింది ఖర్చు. రాత్రి అందరూ పడుకున్నాక రాసేదాన్ని. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. జులై నెల పేజీలు ఇలా ఉంటాయి:

జులై 3. జమ ఏమీ లేదు. ఎనిమిదింటికి లేచింది.

జులై 4. ఏమీ లేదు. ఉయ్యాల బల్ల మీద పడుకుని కప్పు చూసింది. రెండు గంటలు.

జులై 7. ఏమీ లేదు. చీమలు.

జులై 8. చీమలు.

జులై 9. చీమలు. పంచదార ఎక్కడ పెడితే ఎంతసేపటికి వస్తాయో గడియారం చూస్తోంది. నా పంచదార అరకిలో ఖర్చు.

ఆ నెలంతా ఖర్చు వైపే నిండింది. నిద్రపట్టేది కాదు. పక్క ఫ్లాట్ల పిల్లలు ఏడున్నరకి వ్యాన్లు ఎక్కుతుంటే కర్టెను వేసేసేదాన్ని. మా వాచ్‌మన్ కూడా అడిగాడు, "పాపకి ఒంట్లో బాలేదా అమ్మగారూ" అని. అబద్ధం చెప్పాను, అవునని.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అత్తయ్య అటక మీద నుంచి ఒక గోనెసంచి దింపించారు. ఊళ్ళో ఇల్లు అమ్మేసినప్పుడు తెచ్చిన పాత సామాను. అందులో ఇనప కుంచం, మానిక, తవ్వ, సోల, నెయ్యి కొలిచే ఇత్తడి గిద్ద. బూజు దులిపి తోమి ఎండలో ఆరబెట్టారు. నాకేమీ చెప్పలేదు. పాపని పిలిచి బియ్యం డబ్బా ముందు కూర్చోబెట్టుకున్నారు. "మీ ముత్తాత చేలో వడ్లు కొలిచిన కుంచం ఇది. దీంట్లో ఎన్ని గిద్దలు పడతాయో చెప్పు చూద్దాం" అన్నారు.

పాప గిద్దతో పోయడం మొదలుపెట్టింది. ఇరవై దాకా వచ్చి లెక్క తప్పింది. మళ్ళీ మొదలెట్టింది, మళ్ళీ తప్పింది. చిన్నోడు బియ్యంలో చేతులు పెట్టి కెలుకుతున్నాడు. మూడోసారి తనే ఆగి, గిద్దతో సోల నింపి చూసింది. నాలుగు పట్టాయి. సోలతో తవ్వ నింపింది, రెండు. తవ్వతో మానిక, రెండు. మానికతో కుంచం, నాలుగు. కాగితం తెచ్చుకుని కాసేపు ఏదో గీసి "అరవై నాలుగు" అంది.

"గిద్దకీ సోలకీ మధ్యన ఇంకోటుంది, అరసోల. మానికకీ కుంచానికీ మధ్యన అడ్డ. ఆ రెండూ మనింట్లో లేవు" అన్నారు అత్తయ్య. పాప వాటిని కూడా కాగితం మీద వేసుకుంది. గిద్ద 1, అరసోల 2, సోల 4, తవ్వ 8, మానిక 16, అడ్డ 32, కుంచం 64. అంతా రెట్టింపే. "మరి మూడు గిద్దలు పట్టేది ఎందుకు లేదు నానమ్మా?" అంది.

"ఎందుకూ, అరసోలా ఒక గిద్దా పోస్తే మూడు."

"ఐదు?"

"సోలా, గిద్దా."

"ఇరవై ఒకటి?"

ఇక్కడ అత్తయ్య ఆలోచించారు. పాపే ముందు చెప్పింది, "మానికా, సోలా, గిద్దా." ఇక ఆ రోజు ఆపడం ఎవరివల్లా కాలేదు. మా వారు ఆఫీసు నుంచి వచ్చేసరికి వసారా అంతా బియ్యం. ఒక్కో కొలతా ఒక్కసారే వాడి ఎంతదాకా కొలవొచ్చో చూస్తోంది. ఆయన టక్ కూడా తియ్యకుండా నేల మీద కూర్చున్నారు. నూట ఇరవై ఏడు దాకా ఏ అంకె చెప్పినా కొలవొచ్చని రాత్రి తొమ్మిదింటికి తేల్చారు ఇద్దరూ. ఒకే కొలత రెండుసార్లు వాడాల్సిన అవసరమే రాదు. "కంప్యూటర్లో అంకెలు దాచేది ఇలాగే. ఇది ఉందా, లేదా. అంతే" అని ఆయన తల్లి వైపు తిరిగి "అమ్మా, ఇది నువ్వు బళ్ళో చెప్పేదానివా?" అని అడిగారు. అత్తయ్య "మాకు సిలబస్సు ఉండేది కదరా" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నవ్వారో నొచ్చుకున్నారో వంటింట్లోంచి నాకు కనపడలేదు.

ఆ రాత్రి పద్దు రాయడానికి కూర్చుంటే నాకు లెక్క కుదరలేదు. జమ ఎవరి పేరున రాయాలి? పాపా, అత్తయ్యా, మా వారా? భాగహారం దగ్గర బిక్కమొహం వేసుకు కూర్చున్న పిల్లే ఇది. ఊరికే రాశాను, "బియ్యం. 127."

ఒక్క రోజులో అన్నీ మారిపోయాయని చెప్తే అబద్ధమవుతుంది. మర్నాడు మళ్ళీ ఉయ్యాల బల్లే. ఎక్కాలు ఇప్పటికీ పదమూడు దాటితే తడుముకుంటుంది. కానీ ఆ రోజు నుంచి అత్తయ్య నాతో వాదించడం మానేశారు. రోజూ మధ్యాహ్నం కునుకు మానేసి వసారాలో కూర్చునేవారు. పిల్లలు వస్తే వచ్చేవాళ్ళు, లేకపోతే లేదు.

తెలుగు చదవడం మాత్రం బస్టాండులో వచ్చింది. ఇంగ్లీషు మీడియంలో పెరిగిన పిల్ల, గుణింతం దాకా వచ్చి వత్తుల దగ్గర ఆగిపోయేది. నేనూ ఊరుకున్నాను, పార్కులో ఆవిడ చెప్పిన ఏడు నెలలు ఇంకా కాలేదు కదా. మా అమ్మా వాళ్ళది సత్తెనపల్లి. నెలకి రెండుసార్లు వెళ్ళేవాళ్ళం. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్లో గంటల తరబడి ఎదురుచూపు. బస్సు ముందరి బోర్డు ముందుగా చదివినవాళ్ళకి వేరుశనగ పొట్లం అని పందెం కట్టింది ఎవరో కాదు, చిన్నోడే. వాడికి అక్షరాలే రావు, పొట్లం మీద ధ్యాస. పాపకి "నూజివీడు" తేలిక. "గుడివాడ", "తిరువూరు" తేలిక. "జగ్గయ్యపేట"లో రెండు వత్తులు. "సత్తెనపల్లి"లో రెండు. "మచిలీపట్నం"లో ట కింద న చూసి "ఇదేంటమ్మా, దీనికి తోక వేరేగా ఉంది" అని బస్సు కదులుతున్నా దాని వెనకే నాలుగడుగులు పరిగెత్తింది. కండక్టరు కేకేశాడు. ఆరు నెలల్లో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో చందమామలు తనే ఏరుకునే స్థితికొచ్చింది. ఎలా వచ్చిందో చెప్పమంటే నా దగ్గర పద్ధతేమీ లేదు. ఆర్టీసీ వాళ్ళని అడగాలి.

ఆ ఏడాది ఇంకో విచిత్రం. మేం ఇంట్లో బడి పెట్టడానికి పది రోజుల ముందే, జూన్ 2న రాష్ట్రం రెండైంది. కొన్న సోషల్ పుస్తకంలో పటం పాతది, 23 జిల్లాలది. బళ్ళల్లో ఆ పేజీ ఎలా దాటించారో నాకు తెలియదు. మా ఇంట్లో పాప దాన్ని బటర్ పేపరు మీద దింపి కత్తెరతో కోసింది. ఇటు పదమూడు, అటు పది. ఖమ్మం దగ్గరకొచ్చేసరికి వాళ్ళ నాన్న ఆపారు. పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రలో కలిపారని, వాటిని ఎక్కడ కొయ్యాలో పెన్సిలుతో గీసిచ్చారు. భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణలోనే. "గుడి అటు, చుట్టూ ఊళ్ళు ఇటా?" అని పాప ఆ చిన్న ముక్క చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పెద్దవాళ్ళం మేం కూడా ఆ ప్రశ్న దగ్గర అంతే చేసి ఉన్నాం ఆ నెలంతా.

బంధువులు అడిగేది ఒకటే, "మరి పదో తరగతి?" దానికి మా వారు జవాబు కంఠతా పట్టేశారు. ఓపెన్ స్కూల్ ఉంది, 1989లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ, 14 ఏళ్ళు నిండితే పదికి కట్టొచ్చు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఒక్కో సబ్జెక్టు విడివిడిగా రాసుకోవచ్చు, ఐదేళ్ళ గడువు, తెలుగు మీడియం కూడా ఉంది. అన్నీ విని మా పెద్దమామ "ఓపెన్లో రాసేది తప్పినవాళ్ళు కదరా" అనేవారు. ప్రతి పెళ్ళిలోనూ ఇదే. మూడో పెళ్ళి నుంచి మా వారు నవ్వి వడ్డనలోకి వెళ్ళిపోవడం నేర్చుకున్నారు.

వాళ్ళెవరూ అడగని ప్రశ్న వేరే ఉంది, దానికి మా దగ్గర జవాబు లేదు. పాపకి తోడు ఎవరు? సాయంత్రం ఐదయితే కింద ఆడుకుందామని చెప్పులేసుకుని దిగేది. ఎవరుంటారు? అందరూ వచ్చి పాలు తాగి ట్యూషన్లకి పోయేవాళ్ళు, ఎనిమిదింటికి గానీ రారు. వాచ్‌మన్ కూతురు మున్సిపల్ బళ్ళో చదివేది, ఆ పిల్లే స్నేహం. అదీ వాళ్ళ అమ్మతో ఇళ్ళల్లో పనికి వెళ్ళని రోజుల్లో. నవంబరులో పై అంతస్తు పిల్ల పుట్టినరోజుకి వెళ్ళి అరగంటలో వచ్చేసింది. ఇచ్చిన కేకు ముక్క ప్లేటుతో సహా బల్ల మీద పెట్టి "డ్రాపవుట్ అంటే ఏంటమ్మా?" అంది. చెప్పాను. "నేను అదేనా?" అంది. కాదని వెంటనే అన్నాను. అంత వెంటనే అనకుండా ఉండాల్సింది. నమ్మలేదు.

అది మేం చేసిన లెక్కలో తప్పు. తర్వాత కర్ణాటక సంగీతం క్లాసు, ఈత, వారం వారం కొండపల్లిలో బొమ్మలు చెక్కేవాళ్ళ ఇంటి అరుగు, ఇలా ఏవో అతికాం. అక్కడ ఒక పెద్దాయన తెల్లపొణికి చెక్క ముక్కలు ఇచ్చి, చింతగింజల బంకతో అతకడం చూపించేవారు. ఎద్దుకి నాలుగు కాళ్ళూ సమంగా నిలబడటానికి రెండు నెలలు పట్టింది. బాగుండేది. కానీ అక్కడ అందరూ అరవై దాటినవాళ్ళే. తొమ్మిదేళ్ళ పిల్లకి తొమ్మిదేళ్ళ పిల్ల కావాలి.

2015 జనవరిలో స్వరాజ్య మైదానంలో పుస్తకాల పండగ. అక్కడ 'రైలుబడి' కొన్నాను. జపాన్‌లో టెట్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన 'తొత్తోచాన్'కి తెలుగు. పాత రైలు పెట్టెలే తరగతి గదులుగా ఉన్న బడి. ఇంటి చదువువాళ్ళందరూ ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకుంటారు. నేను రెండు రోజుల్లో చదివేసి, ఏడ్చి, పాపకిచ్చాను. వారం పట్టింది దానికి. ముగించాక "బాగుంది. కానీ ఇది బడే కదమ్మా, ఇల్లు కాదు" అంది. గిన్నె తోముతున్నదాన్ని ఆగిపోయాను. నేను ఆ పుస్తకం చూపించి ఎంతమందికి మా నిర్ణయాన్ని సమర్థించుకున్నానో! దానికి ఒక్క వాక్యంలో తెలిసింది, మనకి దొరకంది అలాంటి బడి అని. "అలాంటిది ఉంటే వెళ్తావా?" అన్నాను. "రైలుంటే వెళ్తా" అంది.

ఆ సెప్టెంబరులో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు కృష్ణలోకి వచ్చాయి. వాళ్ళ నాన్న ఇద్దర్నీ ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరికి తీసుకెళ్ళారు. పాప రెండు సీసాల్లో నీళ్ళు పట్టింది, కాలవ కలిసేచోట ఎర్రటివి ఒక సీసా, దానికి ఎగువన కృష్ణవి ఒక సీసా. కిటికీలో పెట్టి వారం రోజులు స్కేలుతో అడుగున ఒండ్రు కొలిచింది. ఆ పద్దు నేను రాయలేదు, అదే రాసుకుంది వేరే పుస్తకంలో. అప్పటికి నా ఖాతా పుస్తకంలో రోజులు ఖాళీగా పోతుండేవి. మర్చిపోయేదాన్ని.

ఇంతలో చిన్నోడు. వాడికి మేమేమీ మాన్పించలేదు, వాడసలు మొదలుపెట్టలేదు. అక్క వెనక తిరుగుతూ చదవడం, కూడికలు అన్నీ వచ్చేశాయి. వీడు మన పద్ధతికి అచ్చమైన ఉదాహరణ అని నేను గర్వపడుతుండగా 2016 వేసవిలో ఒక రోజు అన్నం తింటూ చెప్పాడు, "నేను బడికి పోతా" అని. ఎందుకన్నాను. వేళ్ళు మడిచి చెప్పాడు. గంట కొడతారు. లైను కడతారు. ప్రార్థన ఉంటుంది. వాచ్‌మన్ కూతురు చెప్పింది, అన్నంలో గుడ్డు పెడతారు.

నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే. రెండేళ్ళ పాటు అందరి ముందూ పడిన మాటలన్నీ గుర్తొచ్చాయి. ఆ రాత్రి మా వారితో "ఇప్పుడు పంపితే అందరూ ఏమంటారు?" అన్నాను. ఆయన వెలుతురు లేని గదిలో కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాడు అడిగింది కాదంటే, అప్పుడు వాళ్ళకీ మనకీ తేడా ఏంటి?" అన్నారు. బీరువాలోంచి ఎర్ర గీతలున్న చట్టం తీసి నాలుగో సెక్షను మళ్ళీ చదువుకున్నారు. ఏడేళ్ళు నిండినవాడు, రెండో తరగతి.

ఏ బడి అన్నది మేం తేల్చలేదు, అత్తయ్య తేల్చేశారు. నడిచి పోయేంత దూరంలో ఉన్న మున్సిపల్ బడి. ఆవిడే వెళ్ళి మాట్లాడొచ్చారు. జూన్ రెండో వారంలో తెరిచే రోజు తెల్లారుజామునే లేచి తలస్నానం చేసి, రిటైరయ్యాక కట్టని గంజి చీరల్లోంచి ఒకటి తీసి కట్టుకున్నారు. బొట్టు పెద్దది పెట్టుకున్నారు. చేతికి పాత వాచీ. చిన్నోడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతుంటే పై అంతస్తు ఆవిడ గేటు దగ్గర ఎదురై "ఎక్కడికండీ మాస్టారమ్మగారూ పొద్దున్నే?" అంది. అత్తయ్య ఆగి, తల ఎత్తి, "బడికి" అన్నారు.

పాప బాల్కనీలోంచి చూసింది. నువ్వూ వెళ్తావా అని అడిగాను, అడగాలి కాబట్టి. "ఇవాళ కాదు. ఎద్దుకి రంగు వెయ్యాలి" అని లోపలికి పోయింది. ఇంట్లో చప్పుడు లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి, పాత అలవాటు ప్రకారం, ముక్కు చీదుకున్నాను.

సాయంత్రం వాడు గుడ్డు గురించి మాత్రమే చెప్పాడు. రాత్రి అందరూ పడుకున్నాక ఎన్నాళ్ళకో ఖాతా పుస్తకం తీశాను. రాయబోతే ఆ రోజు పేజీ అప్పటికే రాసి ఉంది. తేదీ, గీత, జమ, ఖర్చు, అంతా నా దస్తూరీయే.

"జమ: తమ్ముడు బడికి వెళ్ళాడు. నానమ్మ కూడా. ఖర్చు: అమ్మ ఏడ్చింది, కొంచెం."

కింద నా సంతకం. ఈసారి చివరి అక్షరం మింగేసి, గీత సరిగ్గా నాలాగే లాగింది.